బడి దారిన పడుగు

విద్యాశాఖ మంత్రిగారు బడుల్లో తెచ్చిన సంస్కరణల గురించి పేపర్లలో మంచీ రాశారు, చెడూ రాశారు. నాకు రెండూ పూర్తిగా తెలియవు. మా ఊరి ప్రాథమిక పాఠశాల ప్రహరీ లోపల ఏం జరిగిందో తెలుసు, దాని ముందున్న దారి మీద ఏం జరిగిందో తెలుసు. ఆ కాస్త జాగాలో ఆయన వల్ల మాకు మేలే జరిగింది. ఎట్లా జరిగిందని అడిగితే మాత్రం చెప్పేవాళ్లకే నవ్వొస్తుంది. పొద్దున పొయ్యి వెలిగించే ముందు గుట్ట నరసింహస్వామికి దండం పెట్టుకోవడం నా అలవాటు. ఆ దండంలో మంత్రిగారికి ఇప్పటికీ ఒక వాటా ఉంది.

నేను ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. చిన్నప్పుడు ఏ బడికీ పోలేదు. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని నేస్తుంటే పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టేదాన్ని. ఆయన తెగిన పోగు ఒకటి గంజిలో ముంచి, నేల మీద వంచి పెట్టి, "గిది అ" అనేవాడు. అది ఆరేలోపు నేను పక్కన ఇంకో పోగుతో అట్లాంటిదే చేయాలి. ఆరితే అక్షరం నేలకు అంటుకుపోయేది. మా అవ్వ చీపురుతో గీకుతూ, "అక్షరాలు నేర్సుకుంటె నేర్సుకోండ్రి గని నా ఇల్లు ఖరాబు జెయ్యకుండ్రి" అని తిట్టేది. తెలుగు అక్షరాలు అంత గుండ్రంగా ఉన్నది నూలు వంచడానికి వీలుగా ఉండాలనే అని చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాత గుడిలో పంచిన పుస్తకాలూ, కిరాణం పొట్లాల కాగితాలూ చదివి మిగిలినది నేర్చుకున్నాను. అందుకని వంటకు కుదిరిన మొదటి రోజు బడి గడప బయట చెప్పులు విడిచి లోపలికి పోయాను. సారు నవ్వి, "గుడి కాదమ్మా ఇది" అన్నారు. నేను ఇప్పటికీ విడిచే పోతున్నాను.

మాది పోచంపల్లికీ చౌటుప్పల్‌కూ మధ్యన మగ్గాల ఊరు. బడికి ఒకరే సారు. ఆయనే పాఠం చెప్పాలి, ఆయనే గంట కొట్టాలి, ఆయనే మీటింగులకు పోవాలి. పసుపురంగు బస్సులు వచ్చి ప్రైవేటు బడులకు పిల్లలను ఎక్కించుకుపోవడం మొదలయ్యాక మా బడిలో పిల్లలు పలచబడ్డారు. అప్పుడే మండల విద్యాధికారి వచ్చి, పిల్లలు తక్కువున్న బడులను పెద్ద బడిలో కలిపేస్తారని చెప్పి పోయారు. పెద్ద బడి హైవే అవతల ఉంది.

ఆ మాట విన్ననాటి నుంచి నాకు అన్నం మీద మనసు లేదు. నా బిడ్డ అప్పుడు రెండో తరగతి. మా ఇంటాయన కంపెనీ బస్సెక్కి తెల్లారకముందే పోయేవాడు. అత్తమ్మ మగ్గం వదలదు. హైవే దాటించడానికి తోడు పోయేవాళ్లు లేరు. మా ఊళ్లో హైవే దాటబోయి కాలు పోగొట్టుకున్న పెద్దమనుషులే ఉన్నారు. రాత్రీ పగలూ లారీలు ఆ రోడ్డు మీద పోతుంటే మా వంటషెడ్డు రేకులు సన్నగా అదిరేవి. "స్వామీ, మా బడిని ఉండనియ్యి" అని ఒకటే మొక్కు నాది. పెద్దది కాదు. ఉన్న జాగాలో ఉన్నట్టు ఉండనియ్యి అన్నాను, అంతే.

స్వామి ఏం ఆలోచించాడో గాని, ముందు సంస్కరణలను పంపాడు.

మొదట రంగులొచ్చాయి. పిల్లలకు బడి మీద ఇష్టం పుట్టాలని బడిని రైలులాగా చిత్రించాలని ఉత్తర్వు. పెయింటర్లు వచ్చి రెండు గదులనూ రెండు పెట్టెలు చేశారు. నీలం రంగు, కిటికీలు, కిటికీల్లో నవ్వుతున్న ప్రయాణికులు. తలుపు లేని చోట తలుపు గీశారు. అది ఎంత బాగా కుదిరిందంటే, తనిఖీకి వచ్చిన విద్యాధికారి చెప్పులు విడిచి నేరుగా దాని మీదికి నడిచారు. ఆయన నుదుటికి తడిగుడ్డ పెట్టింది నేనే. లోపల నల్లబల్ల మీద కూడా ఒక కిటికీ గీసి, అందులో కొండలూ సూర్యుడూ వేసి పోయారు. సారు మూడు రోజులు ఆ సూర్యుడి మీదే కూడికలు రాశారు, సుద్ద అంటలేదు. నా బిడ్డ మాత్రం సంబరపడింది.

"అమ్మా, గీ రైలు యాడికి పోతది?"

"యాడికీ పోవద్దనే మొక్కుతున్న బిడ్డా" అన్నాను.

తర్వాత చేతులు కడుక్కునే నల్లాలొచ్చాయి. తెల్ల టైల్స్ గోడకు వరుసగా మెరిసే నల్లాలు. నీళ్ల పైపు వేరే కాంట్రాక్టరుదట, ఆయన రాలేదు. అయినా చేతుల శుభ్రత పాఠం ఆగకూడదని పైనుంచి ఫోను. గోడ మీద బొమ్మలున్నాయి: అరచేయి, అరచేతి వెనక, వేళ్ల సందులు, గోళ్లు. సారు విజిల్ ఊదితే పిల్లలు నల్లాల ముందు నిలబడి, తిప్పి, లేని నీళ్లతో, లేని సబ్బుతో, బొమ్మల్లో ఉన్నట్టు రుద్దుకొని, నల్లా కట్టేసి, చేతులు దులుపుకొని వచ్చేవారు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి బకెట్లో ముంచి కడుక్కునేవారు. ఎంత నిష్ఠగా చేసేవారంటే, ఒకడు నల్లా కట్టడం మరిచిపోతే పక్కవాడు, "నీళ్లు పోతున్నయ్ రా!" అని అరిచేవాడు.

తెరబల్ల వచ్చింది. పెద్ద టీవీ లాంటిది, వేలితో తాకితే పాఠం చెబుతుందట. నేర్పేవాళ్లు వచ్చేదాకా ముట్టవద్దన్నారు. కొత్త వస్తువు కదా, పసుపు కుంకుమ పెట్టి, దుమ్ము పడకుండా నా పాత చీర కప్పాను. నేర్పేవాళ్లు రాలేదు. ఆ గదికి కరెంటు కూడా రాలేదు. ఇంగ్లీషు మీడియం మాత్రం ఒక సోమవారం నుంచి వచ్చేసింది. "అమ్మా, ఎవరన్న పెద్దోళ్లొస్తె గుడ్డు అనకు, ఎగ్ అను" అని సారు నాకు చెప్పారు. నేను సరే అన్నాను. పిల్లల నోటికి అది ఎగ్గు అయింది. రుచి ఏమీ మారలేదు.

దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వచ్చింది. ఇది నిజంగా పెద్ద మేలు. పిల్లలు కడుపునిండా తిన్నారు, మనసారా చెబుతున్నాను. కాని ఈ సంస్కరణ మీద మా ఊళ్లో మొదట కోపం వచ్చింది మా అత్తమ్మకు. బడి అన్నం వార్చిన గంజి మా ఇంటికి పోయేది, పడుగుకు పెట్టడానికి. పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు. దాన్ని వీధిలో బారుగా పరిచి, గంజి పెట్టి, ఇద్దరు ఎదురెదురుగా కుంచెలతో దువ్వుతూ ఆరబెడితేనే పోగులు గట్టిపడతాయి. అత్తమ్మ సన్నబియ్యం గంజిని వేలితో తాకి చూసి, "గిదేం గంజే? దొడ్డు బియ్యం గంజి పట్టు దీనికెట్లొస్తది? మీ మంత్రికి మగ్గం ఎరికేనా?" అంది. మంత్రిగారిని ఆవిడ ఎప్పుడూ నా మంత్రి అన్నట్టే మాట్లాడేది.

ఇక మిగిలింది మంత్రిగారే. ఆయన స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఒకే రోజు రెండు బడులు చూస్తారు: ముందు మెట్ట పొలాల చెలకల అవతలి పక్క ఊరిది, తర్వాత మాది. నిండుగా కనిపించిన బడి నిలుస్తుంది. లేనిది పోతుంది.

ఆ పక్క ఊరు బత్తాయి తోటల ఊరు, అంతా వ్యవసాయం వాళ్లు. వాళ్ల బడికీ ఒకరే సారు, వాళ్ల పిల్లలూ పలచనే. ఇద్దరు సార్లు చెలక గట్టు మీద కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చారు. మంత్రిగారు ఆ ఊళ్లో ఉన్నప్పుడు మా పిల్లలు కూడా అక్కడే ఉంటారు. అక్కడ సర్పంచి బత్తాయి రసం ఇచ్చి కాసేపు కూర్చోబెడతాడు. ఈలోపు రెండు ఊళ్ల పిల్లలూ ఆటోలో చెలక బాటన మా బడికి వచ్చేస్తారు. కార్లు రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాలి కాబట్టి ఆటోనే ముందు వస్తుంది. రెండు బడులకూ యూనిఫాం ఒకటే. ఆటో మా మరిదిది.

"వదినె, ఫికర్ జెయ్యకు. మంత్రి కారు కంటె నా ఆటోనే స్పీడు" అన్నాడు మరిది.

"పిల్లలున్నరు, జర మెల్లగ పో" అన్నాను.

"మెల్లగ పోతె బడి పోతది. స్పీడు పోతె పిల్లలు అటిటు అయితరు. ఏది గావాల్నో చెప్పు."

"రెండూ ఉండాలె" అన్నాను. స్వామితో కూడా అదే అన్నాను.

ఇక్కడ ఒక సంగతి ఎవరం ఆలోచించలేదు. మంత్రిగారు వస్తున్నారని బడి ముందు మట్టి దారిని వారం రోజుల్లో సిమెంటు దారి చేశారు. మామూలు ఊరైతే దాన్ని రోడ్డనుకుంటుంది. మాది మగ్గాల ఊరు. గుంత లేదు, రాయి లేదు, దుమ్ము లేదు, వంపు లేదు. ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. దారి ఎండిన రోజున ఊళ్లో ఆడవాళ్లందరూ వచ్చి చూసి, ఒక్కటే మాట అన్నారు: "అబ్బ! పడుగుకెంత మంచి జాగా!"

మంత్రిగారు వచ్చేది మధ్యాహ్నం అన్నారు. మా అత్తమ్మ లెక్క వేరే. "లీడర్లు మధ్యానం అంటె పొద్దుగూకంగ ఒస్తరు. అప్పటికి నా పడుగు ఆరి ఇంట్ల ఉంటది" అని, పొద్దున్నే ఆరు చీరల పడుగు తెచ్చి బడి గేటుకు అటూ ఇటూ సిమెంటు దారి పొడుగునా పరిచింది. నేను అప్పటికే వంటలో ఉన్నాను. బడిలో సారు ఒక్కరే ఖాళీ రైలులో పచార్లు చేస్తున్నారు. మా పిల్లలు ఆ ఊరికి పోయారు.

దేశంలో చెప్పిన వేళ కంటే ముందొచ్చిన మంత్రి ఆయన ఒక్కరే అయి ఉంటారు. ఆయనకు షుగరట. బత్తాయి రసం వద్దని, కుర్చీలో కూడా కూర్చోకుండా బయలుదేరారు.

సైరను విని వంటషెడ్డు బయటికి వచ్చి చూశాను. దారి ఈ చివర కార్లు ఆగి ఉన్నాయి, వరుసగా. ముందున్న పోలీసు జీపుకూ పడుగుకూ మధ్య జానెడు దూరం. ఎస్సై దిగి అరుస్తున్నాడు.

"ముసలమ్మా, తియ్యి గీ దారాలు! మంత్రిగారొచ్చిన్రు!"

"ఒస్తె రానియ్యి బిడ్డా, మంచిదే" అంది అత్తమ్మ, కుంచె ఆపకుండా. "గంజి పెట్టిన పడుగు. ఆరకముందుకు ఎత్తితె పోగులన్ని ముద్దయితయి."

"తియ్యకుంటె కోస్త!"

"కొయ్యి. రేపు నీ ఇంట్ల పెండ్లయితె పెండ్లిపిల్లకు ఏం కడతవో అది గూడ చెప్పి కొయ్యి."

ఎస్సై చుట్టూ చూశాడు. ఆయనతో వచ్చిన కానిస్టేబులు ఒకాయన మాలాగా మగ్గాల ఇంటివాడే కావచ్చు; మెల్లగా, "సార్, పడుగు కొయ్యొద్దు సార్. మంచిది గాదు" అన్నాడు.

అప్పుడు మంత్రిగారు కారు దిగారు. తెల్లబట్టల మనిషి, చూడడానికి మా మేనమామలాగే ఉన్నారు. పడుగు దగ్గరికొచ్చి, "ఎంతసేపు పడతది పెద్దమ్మా?" అని అడిగారు.

"ఊకె నిలబడి చూస్తె గంట. చెయ్యేస్తె జల్ది అయితది."

ఆవిడ కావాలని అన్నది కాదు. వీధిలో పడుగు ఉన్నప్పుడు దాని ముందుకు వచ్చినవాళ్లు ఎవరైనా సరే ఒక చెయ్యి వేసి పోవడం మా దగ్గర ఆనవాయితీ. పోస్టుమాను వేస్తాడు, పాలాయన వేస్తాడు. మంత్రిగారు చొక్కా చేతులు పైకి మడిచి, ఖాళీగా ఉన్న రెండో కుంచె అందుకున్నారు. కుంచె పట్టడానికి ఎదురుగా ఇంకొకరు కావాలి, లేకపోతే పడుగు ఒకవైపుకు లాగుతుంది. ఎదురుగా ఉన్నది ఆయన గన్‌మాను. అత్తమ్మ తన కుంచె ఆ గన్‌మాను చేతిలో పెట్టింది. అతను తుపాకిని వీపు మీదికి తోసుకొని మొదలుపెట్టాడు.

"మెల్లగ, మెల్లగ! బర్రె వీపు తోమినట్టు తోముతవేంది కొడుకా?" అంది అత్తమ్మ మంత్రిగారితో. "పసిపిల్ల తల దువ్వినట్టు దువ్వాలె."

"గిట్లనా?"

"ఆఁ, గట్ల. మీ మంత్రి నయమే పిల్లా, నేర్సుకుంటుండు" అంది నా వైపు తిరిగి.

పేపరోళ్లు ఫోటోలు తీస్తూ మైకులు పెట్టారు. మంత్రిగారు కుంచె లాగుతూ, అడుగు వేస్తూ, తన హయాంలో జరిగిన పనులు చెప్పసాగారు. బడులకు రంగులు. కుంచె ముందుకు. బడులకు నల్లాలు. కుంచె వెనక్కి. సన్నబియ్యం దగ్గర అత్తమ్మ ఏదో అనబోయింది, నేను కళ్లతోనే బతిమాలాను. చివరికి ఆయన నడుము నిటారు చేసి గట్టిగా అన్నారు: "అన్నిటికంటె గర్వంగ చెప్పేది ఒక్కటే. నా హయాంల ఒక్క బడి గూడ మూతవడలే. విలీనాలున్నయ్ గని మూత లేదు."

ఆ మాట పూర్తి కాకముందే దారి ఆ చివర మా మరిది ఆటో వచ్చి ఆగింది.

అందులో అంతమంది పిల్లలు ఎట్లా పట్టారో ఆ స్వామికే తెలుసు. దిగుతున్నారు, దిగుతూనే ఉన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. వెనక్కి పొమ్మని సారు గేటులోంచి చేతులు ఊపుతున్నారు. కాని మా పిల్లలకు కనిపించింది సారు కాదు, మంత్రిగారు కాదు. పడుగు కనిపించింది. పడుగు కనిపిస్తే ఆగేవాళ్లు కాదు వాళ్లు. పరుగున వచ్చి, పోగులు కలవకుండా మధ్యన దూర్చిన సన్నటి వెదురు పుల్లలు సర్దేవాళ్లు సర్దుతున్నారు, అంటుకున్న పోగులు విడదీసేవాళ్లు విడదీస్తున్నారు. వాళ్లను చూసి బత్తాయి తోటల పిల్లలు కూడా దూరారు. రెండు ఊళ్ల పిల్లలూ మంత్రిగారికి అటూ ఇటూ నిండిపోయారు. అందరూ కలిసి, నేర్పింది నేర్పినట్టు, "గుడ్ మార్నింగ్ సార్!" అన్నారు.

మంత్రిగారి కుంచె ఆగింది. ఆయన ఎదుట, పోగులకు అవతల నా బిడ్డ.

"సార్, మల్ల కలిసినం" అంది.

"నువ్వు ఇందాక ఆ ఊళ్లె ముందట వరుసల ఉన్నవ్ గద?"

"ఔ సార్. గని మాది గీ ఊరు."

"మరి వీళ్లు?"

"వీళ్లది ఆ ఊరు సార్. ఇందాక మేం వాళ్ల దగ్గరికి పోయినం. ఇప్పుడు వాళ్లు మా దగ్గరికొచ్చిన్రు." చుట్టాల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

మంత్రిగారి వెంట వచ్చిన విద్యాధికారి రుమాలు తీసి, తలుపు బొమ్మకు తగిలిన నుదురే మళ్లీ తుడుచుకున్నారు. సారు గేటు పట్టుకొని నిలబడ్డారు. మంత్రిగారు పోగుల మీదుగా నా బిడ్డ వైపు వంగారు.

"ఎందుకు తిరుగుతున్నరు బిడ్డా అటిటు?"

"మా బడి పోతె హైవే దాటాల్నట సార్. నాకు రాదు. లారీలు ఆగయి."

"ఇక్కడ మా బండ్లు ఆగినయ్ గద."

నా బిడ్డ ఆయనను జాలిగా చూసింది. "అవి పడుగుకు ఆగినయ్ సార్. హైవే మీద పడుగు ఎయ్యరు."

మంత్రిగారు మళ్లీ దువ్వడం మొదలుపెట్టారు. కుంచె పట్టుకొని పడుగు చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చారు. గన్‌మాను కూడా ఎదురుగా అడుగులో అడుగు వేస్తూ పోయి వచ్చాడు. పోగులు ఆరి గలగలమంటున్నాయి. అత్తమ్మ చేత్తో తట్టి చూసి, "అయింది. ఇగ పోండ్రి" అని మంత్రిగారికి సెలవిచ్చింది.

ఆయన లోపలికి వచ్చారు. మోచేతుల దాకా గంజి. సహజంగానే చేతులు కడుక్కోవడానికి మెరుస్తున్న నల్లాల దగ్గరికి పోయి ఒకటి తిప్పారు. రాలేదు. ఇంకోటి తిప్పారు. ఆ పూటకని తెప్పించిన నీళ్ల ట్యాంకరు కార్ల వరుస వెనక, దారి మొదట్లో ఇరుక్కొని ఉంది. సారు ఏం చేయాలో తోచక విజిల్ ఊదారు.

విజిల్ వింటే మా పిల్లలు ఆగరు. వరుసగా నిలబడి నల్లాలు తిప్పి, అరచేయి, అరచేతి వెనక, వేళ్ల సందులు, గోళ్లు, అన్నీ రుద్దుకున్నారు. మంత్రిగారు వాళ్ల మధ్యన గంజి చేతులతో నిలబడి కాసేపు చూశారు. తర్వాత ఏమనుకున్నారో, ఆయన కూడా రుద్దుకోవడం మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు ఆయన వైపు చూసి, "సార్, గోళ్లు మర్సిన్రు" అన్నాడు. ఆయన గోళ్లు కూడా రుద్దుకున్నారు. అందరితో పాటు నల్లా కట్టేశారు. నేను చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తే, నా వైపు చూసి, "ఇవి నిజమైనవేనా అమ్మా?" అన్నారు.

"నిజమైనవే సార్" అన్నాను. ఆయన నవ్వారు. అప్పటిదాకా నవ్వలేదు.

తెరబల్ల మీది నా చీర ఆయనే తీశారు. నల్లటి తెర మీద నేను పెట్టిన కుంకుమ బొట్టు చూసి, ఒక్కసారి చేతులు జోడించి, చీర మళ్లీ కప్పేశారు. పిల్లల మధ్యన బాసింపట్టు వేసుకొని కూర్చొని అన్నం, పప్పు తిన్నారు. నేను వడ్డిస్తూ, "ఎగ్ వేయమంటారా సార్?" అని అడిగాను. "గుడ్డయితె ఒకటి ఎయ్యమ్మా" అన్నారు.

చెయ్యి కడుక్కున్నాక విద్యాధికారితోనూ, పక్కన రాసుకుంటున్న పీఏతోనూ గట్టిగా చెప్పారు. "ఈ బడి నిండుగ ఉన్నది. ఇది ఉండాలె. ఆ ఊరి బడిని దీంట్ల విలీనం చెయ్యండ్రి."

పీఏ కలం ఆగింది. "సార్, ఇందాక ఆ ఊళ్లె మీరే... ఈ బడిని దాంట్ల..."

"అది రాసుకున్నవా?"

"రాసుకున్న సార్."

"ఇది గూడ రాసుకో."

అంతే. కార్లు వెనక్కి తిరిగిపోయాయి. ట్యాంకరు అప్పుడు లోపలికి వచ్చింది, దాని గొట్టం నల్లాలకు తగిలించారు. నల్లాల్లో మొదటిసారి నీళ్లు పడగానే పిల్లలు కేకలు పెట్టి దూరం జరిగారు.

నెల తిరిగేసరికి రెండు ఉత్తర్వులు వచ్చాయి. మా బడి ఆ ఊరి బడిలో విలీనం. ఆ ఊరి బడి మా బడిలో విలీనం. సారు రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని మార్చి మార్చి చదివారు. మరిది, నేను, ఆ ఊరి సారు ఎదురుగా నిలబడ్డాము.

"అంటె ఏంది సార్ గిప్పుడు?" అన్నాడు మరిది.

"మన బడి ఆ బడిల కలిసింది. కాబట్టి మన పిల్లలు ఆడికి పోవాలె. ఆ బడి మన బడిల కలిసింది. కాబట్టి వాళ్ల పిల్లలు ఈడికి రావాలె."

"ఎవలి పిల్లలు వాళ్ల ఊళ్లెనే ఉంటె కాదా?"

"అట్లుంటె విలీనం కానట్టు. తనిఖీల దొరికితె రెండూ పోతయి."

"పైన అడిగితె?"

ఇద్దరు సార్లూ ఒకేసారి, "అడగొద్దు!" అన్నారు. "అడిగితె సరిజేస్తరు."

అప్పటి నుంచి మా మరిది ఆటో పొద్దున మా పిల్లలను ఆ ఊరికి తీసుకుపోతుంది, అక్కడి పిల్లలను మా ఊరికి తెస్తుంది. సాయంత్రం తిప్పి చేరుస్తుంది. నేను బత్తాయి తోటల పిల్లలకు వండుతాను. నా బిడ్డకు ఆ ఊరి వంటామె వండుతుంది. ఆమె ఎవరో మొదట్లో తెలియదు. ఒక రోజు ఆటోలో ఆమె నాకు పచ్చడి సీసా పంపింది, నేను ఆమెకు బెల్లం పంపాను. నా బిడ్డ మొదటి రోజే ఇంటికొచ్చి, "ఆడ పప్పు మంచిగుంటదే అమ్మా, నీ లెక్క పలచగుండదు" అంది. కాస్త ఉక్రోషం వచ్చింది గాని, తింటున్నది కదా, ఆ తల్లి చల్లగా ఉండాలి అనుకున్నాను.

ప్రభుత్వం మారింది, మంత్రులు మారారు. నీళ్ల పైపు కూడా వచ్చింది. ఎవరి పుణ్యమో, దండం. ఈ మధ్య కొత్త అధికారి ఒకాయన వచ్చి, హాజరులో పేర్లు పిలిచి, పిల్లలు ఏ ఊరివాళ్లో అడిగి, చాలాసేపు నుదురు రుద్దుకున్నారు. "ఏ బడి ఏ బడిల కలిసింది?" అన్నారు.

"రెండు గూడ సార్" అన్నారు మా సారు, నేలచూపులు చూస్తూ.

ఆయన ఇంకేదో అడగడానికి నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే బయట సైకిలు గంటలు, కేకలు. ఆయన జీపు డ్రైవరు లోపలికి పరుగెత్తుకొచ్చి, దారి మీద ఎవరో దారాలు పరిచారని, జీపు కదలదని చెప్పాడు. అధికారి బయటికి పోయారు. మా అత్తమ్మకు ఇప్పుడు చూపు తగ్గింది గాని గొంతు తగ్గలేదు.

"ఎవలు బిడ్డా ఆ నిలబడ్డది? ఊకె నిలబడితె గంట. చెయ్యేస్తె జల్ది అయితది."

నేను వంటషెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, చేతి గడియారం తీసి జేబులో వేసుకొని, కుంచె అందుకున్నారు. దూరంగా హైవే మీద లారీలు పోతున్నాయి, రేకులు అదురుతున్నాయి. నా బిడ్డ ఆ రోడ్డుకు ఇటువైపునే, చెలకల అవతల, నా వంట కంటే మంచి పప్పు తింటూ ఉంటుంది. "స్వామీ, ఈయన అడగబోయింది మరిచిపోయేదాకా ఆ పడుగు ఆరనియ్యకు" అని దండం పెట్టుకొని, గంజి ఇంకో గిన్నె వార్చి పంపాను.